సైరను మోగింది సరే – మర్నాడు ఆఫీసు తెరిచేదెవరు?

కోస్తా జిల్లాల్లో తుపాను రోజులు దగ్గరపడేసరికి ఒక తంతు జరుగుతుంది. దాని పేరు మాక్ డ్రిల్. సైరను మోగుతుంది. మైకులో హెచ్చరిక చదువుతారు. జాతీయ విపత్తు దళం జవాన్లు రబ్బరు పడవ నీళ్లలోకి దించుతారు. దెబ్బ తగిలినట్టు నటించే కుర్రాణ్ణి స్ట్రెచరు మీద మోసుకుపోతారు. షామియానా కింద కూచుని అధికారులు చూస్తారు. మధ్యాహ్నానికి భోజనాలు, ఫొటోలు. మర్నాడు పేపర్లో "మాక్ డ్రిల్ విజయవంతం" అని వార్త.

ఇదంతా దండగ అని మేము అనడం లేదు. తాడు వెయ్యడం, పడవ నడపడం, నీళ్లు మింగిన మనిషికి ఊపిరి అందించడం ముందే నేర్చుకోవలసిన పనులే. వాటివల్ల ప్రాణాలు నిలుస్తాయి. మేము అనేదల్లా ఒకటే. డ్రిల్ ఎక్కడ ముగుస్తుందో కూలివాడి కష్టం అక్కడ మొదలవుతుంది. గాలి ఒక రాత్రి వుంటుంది. రేషను షాపు, ఆసుపత్రి, కరెంటు ఆఫీసు, తహసీల్దారు కచేరీ, బ్యాంకు మూతబడితే ఆ మూత పదిరోజులుంటుంది. గాదెలో ధాన్యం వున్నవాడు ఆ పదిరోజులూ గడుపుకుంటాడు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకుని వండుకునేవాడు ఎట్లా గడపాలి? ప్రభుత్వ యంత్రాంగం ఆగిపోతే ముందు ఆగేది పేదవాడి పొయ్యి. అందుకని, విపత్తు తర్వాత ఆఫీసులు ఎట్లా నడవాలో డ్రిల్ చేయించుకోవడం మనకు సంబంధించిన పని. అధికారుల ఇంటి వ్యవహారం కాదు.

1977 నవంబరు 19న దివిసీమలో జరిగినదాన్ని ఒకసారి ఈ దృష్టితో చూడండి. పదిహేనడుగులు దాటిన ఉప్పెన సముద్రం వొడ్డున వున్న పల్లెల్ని తుడిచేసింది. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది, నాలి – ఈ పేర్లు చెబితే ఇప్పటికీ ఆ ప్రాంతంలో పెద్దవాళ్ల గొంతు మారుతుంది. చచ్చిపోయినవాళ్లు పదివేలమంది అన్నది ప్రభుత్వ లెక్క. జనం లెక్క అంతకంటే చాలా ఎక్కువ. శవాల్ని గుర్తుపట్టేవాళ్లు లేక పోగులు పెట్టి తగలబెట్టారు. టెలిఫోను తీగలు తెగాయి, రోడ్లు తెగాయి. ఊళ్లకు ఊళ్లు పోయాయన్న సంగతే బయటి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది. అంటే ఉప్పెన మనుషుల్ని మాత్రమే ముంచలేదు, ప్రభుత్వానికి వున్న కళ్లూ చెవులూ కూడా ముంచింది.

ఇంకొక సంగతి కూడా వుంది. ఆ రోజుల్లో గ్రామం లెక్క అంటే కరణం దస్తరం. అందులో భూమి వున్నవాడి పేరుంటుంది, శిస్తు కట్టేవాడి పేరుంటుంది. కాలవగట్టు మీద పాక వేసుకున్న కూలివాడి పేరెందుకుంటుంది? బతికున్నప్పుడు లెక్కలో లేనివాణ్ణి చచ్చాక లెక్కలో చూపించడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. కరణాలూ మునసబులూ 1984లో పోయారు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. కాగితాల్లో వున్న లెక్క కంప్యూటర్లోకి వెళ్లింది. దస్తరం తడిస్తే చిరుగుతుంది, కంప్యూటరు కరెంటు పోతే పలకదు. తేడా అంతే.

తర్వాత నేర్చుకున్నది లేదా అంటే వుంది. 1990 మే 9న దాదాపు అదే తీరాన్ని, కృష్ణ కలిసే చోటి దగ్గర, మరొక పెద్ద తుపాను కొట్టింది. అప్పటికి షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ముందే అందాయి, లక్షన్నరమందికి పైగా జనాన్ని ముందుగా తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యిలోపు. వెయ్యి చిన్న సంఖ్య అని కాదు గాని, పదివేలకూ దానికీ మధ్య వున్న తేడాని యంత్రాంగం పనిచెయ్యడంవల్ల వచ్చిన తేడాగానే చూడాలి. అయితే ఆ పాఠం అంతా "తరలించడం" దగ్గర ఆగిపోయింది. తరలించిన జనం తిరిగి ఇంటికి – ఇల్లంటూ వుంటే – వచ్చాక ఏమిటన్నది ఎవరి డ్రిల్లులోకీ పూర్తిగా ఎక్కలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదికి వచ్చింది. ఈసారి దెబ్బ తిన్నది పాకలు మాత్రమే కాదు. రక్షించవలసిన యంత్రాంగమే దెబ్బతిన్నది. కైలాసగిరి మీద తుపానుల్ని కనిపెట్టే రాడారు పాడైపోయింది. విమానాశ్రయం పైకప్పు ఊడిపోయింది. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. సెల్‌ఫోన్లు మూగబోయాయి. బంకుల దగ్గర పెట్రోలుకు బారులు. అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో మకాం పెట్టి బస్సులోంచి పనులు నడిపించారు. దాన్ని చాలామంది మెచ్చుకున్నారు. మాకు మాత్రం అందులో ఇంకో అర్థం కనిపిస్తుంది. ముఖ్యమంత్రి వచ్చి కూచుంటే తప్ప కదలని యంత్రాంగం, ఆయన రాని మండలంలో ఏంచేస్తుంది? నగరానికి కరెంటు ముందు వస్తుంది, పల్లెకు తర్వాత, పల్లెలో మళ్లీ మాలపల్లెకూ మాదిగగూడేనికీ చివర. ఈ వరస ఎవరూ రాసిపెట్టింది కాదు. ఎవరూ రాసిపెట్టకపోతే అట్లాగే జరుగుతుంది.

రాసిపెట్టుకోమని చట్టం చెప్పకపోలేదు. 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం జిల్లాకో సంస్థ పెట్టి కలెక్టరుని అధ్యక్షుణ్ణి చేసింది, ఎన్నికైన స్థానిక ప్రతినిధిని సహాధ్యక్షుడిగా చేర్చింది. జిల్లాలో వున్న ప్రతి ప్రభుత్వ కార్యాలయం, ప్రతి స్థానిక సంస్థ తన ప్రణాళిక తాను రాసుకుని, ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలని చెప్పింది. 2010లో జాతీయ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకేశాయి. నాయకత్వం ఎవరిది, రంగంలో పని ఎవరిది, సరుకు చేరవేత ఎవరిది అన్నది విపత్తు రాకముందే మనిషి మనిషికీ కేటాయించాలి. పెద్ద పేర్లు పెట్టారు గాని మాట చిన్నదే. పెళ్లింట్లో కూడా వంట ఎవరిది, వడ్డన ఎవరిది అని ముందు రోజే అనుకుంటాం. మీ పంచాయతీలో ఆ ప్రణాళిక ఒక్కసారి చూపించమని అడగండి. ఏ సంవత్సరంలో రాసిందో, అందులో వున్న ఫోను నంబర్లలో ఎన్ని పలుకుతాయో చూడండి.

డ్రిల్లులో కూడా రెండు భాగాలుంటాయి. మనకు కనిపించేది రెండోది, పడవలూ స్ట్రెచర్లూ వున్నది. దానికి ముందు అధికారులందర్నీ ఒక బల్ల చుట్టూ కూచోబెట్టి చేసేది ఒకటుంది. నడిపించే ఆయన ఒక పరిస్థితి చెబుతాడు: "రాత్రి రెండు గంటలు. సబ్‌స్టేషన్లోకి నీళ్లొచ్చాయి. ఆసుపత్రి జనరేటర్లో డీజిలు నాలుగు గంటలకే వుంది. తహసీల్దారు ఫోను పలకడం లేదు. చెప్పండి, ఇప్పుడెవరు ఏంచేస్తారు?" దానికి ఒక్కొక్క శాఖ జవాబు చెప్పాలి. అసలు సిసలైన డ్రిల్ ఇదే. తప్పులు బయటపడేది ఇక్కడే. కాని ఈ గదిలోకి ఊరివాళ్లు ఎవరూ రారు. రానిచ్చే అలవాటు లేదు. అందుకని అక్కడ వేసే ప్రశ్నలన్నీ పైనుంచి కిందికి చూసి వేసే ప్రశ్నలే అవుతాయి.

కిందనుంచి పైకి చూసి వేసే ప్రశ్నలు మేము కొన్ని వేస్తాము.

మొదటిది రేషను షాపు. ఇప్పుడు బియ్యం ఇవ్వాలంటే ఈపోస్ మిషను మీద వేలు పెట్టాలి. మామూలు రోజుల్లోనే "సర్వరు లేదమ్మా, రేపు రా" అంటాడు డీలరు. తుపాను వెలిశాక సర్వరు ఎక్కడుంటుంది, టవరు ఎక్కడుంటుంది? వేలు లేకుండా పుస్తకంలో రాసి ఇవ్వమని పైనుంచి ఉత్తర్వు రావాలి అంటారు. ఉత్తర్వు ఏ ఫోనులో వస్తుంది? ఆ ఉత్తర్వు షరతులతో సహా ముందే రాతపూర్వకంగా డీలరు చేతిలో వుండాలి. కార్డుల జాబితా కాగితం మీద అచ్చువేసి, తడవని సంచిలో పెట్టి, ఒకటి షాపులో, ఒకటి సచివాలయంలో, ఒకటి షెల్టరులో వుంచాలి. వేరే జిల్లాల నుంచి కోతలకు వచ్చిన ముఠాలకు ఆ ఊరి జాబితాలో పేరుండదు, వాళ్లకెవరు ఇస్తారో అది కూడా తేల్చాలి. ఇదంతా కాగితం మీద బాగానే వుంటుంది. డ్రిల్ రోజున నిజంగా ఒక షాపులో మిషను ఆపెయ్యండి. పది బస్తాలు పుస్తకం మీద పంచి చూపించండి. ఎన్ని గంటలు పడుతుందో, ఎన్ని తగాదాలు వస్తాయో అప్పుడు తెలుస్తుంది.

రెండోది కరెంటు. స్తంభం ఎక్కేది ఇంజనీరు కాదు, లైన్‌మన్. అతని పక్కన తాడు పట్టుకునేది చాలాచోట్ల కాంట్రాక్టు కుర్రాడు. తీగ ముట్టుకునేముందు లైన్ క్లియర్ తీసుకోవాలి. సబ్‌స్టేషన్‌తో మాట్లాడడానికి ఫోను లేనప్పుడు అది ఎట్లా తీసుకుంటారు? ఊళ్లో ఏ దుకాణదారో జనరేటరు వేస్తే ఆ కరెంటు వెనక్కి లైనులోకి వచ్చి పైనున్న మనిషిని మాడ్చేస్తుంది. ఈ పని అలవాటు లేకుండా, గ్లౌజులు లేకుండా, "త్వరగా, త్వరగా" అని మంత్రి తొందరపెడుతుంటే చేయించకూడదు. ముందే చేయించి చూడాలి.

నీళ్ల సంగతి, ఆసుపత్రి సంగతి అందరికీ తెలిసిందే గనక పొడిగించము. ఓవర్‌హెడ్ ట్యాంకు గాలికి ముందే నింపుకోవడం, ఉప్పునీళ్లు పడ్డ బావి తోడించడం, బ్లీచింగు నిలవ, నెలలు నిండిన ఆడవాళ్లని ముందుగానే పెద్దాసుపత్రికి చేర్చడం – ఇవి ఒక పూట చెక్ చేసుకుంటే తెలిసిపోయే విషయాలు.

అంతకంటే ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పంచాయతీ కార్యదర్శి, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, పారిశుధ్య కార్మికుడు – వీళ్లు కూడా ఆ ఊరివాళ్లో పక్క ఊరివాళ్లో. ఆ రాత్రి వాళ్ల ఇల్లూ పడిపోతుంది, వాళ్ల పిల్లలూ తడుస్తారు. ముందు వాళ్ల కుటుంబాలకు నీడ చూపించకుండా "డ్యూటీకి రాలేదు" అని మెమో ఇస్తే ఆఫీసు నడవదు. పక్క మండలం నుంచి ఎవరు వచ్చి వీళ్ల కుర్చీలో కూచుంటారో, ఆ వచ్చినవాళ్లకు ఊరి దారి ఎవరు చూపిస్తారో డ్రిల్లులో తేలాలి.

ఇక అన్నిటికంటే పెద్ద తగాదా నష్టం లెక్క. తుపాను వెలిసిన వారానికి లెక్కల బృందం వస్తుంది. 2015లో మార్చిన నిబంధన ప్రకారం పంట మూడోవంతు పోయినా సాయానికి అర్హత వుంది. మంచిదే. ఎవరికి? పొలంలో దిగింది కౌలు రైతు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగుదారు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు. అప్పు చేసి నాటినవాడు గట్టుమీద నిలబడి చూస్తుంటే సాయం పట్నంలో వున్న యజమాని ఖాతాకు పోతుంది. ఈ తప్పు తుపాను రోజున పుట్టింది కాదు, తుపానుకు ముందే కాగితంలో వుంది. కాబట్టి లెక్కల డ్రిల్ కూడా గాలికి ముందే చెయ్యాలి. ఈ-క్రాప్ జాబితా సచివాలయం గోడకు అంటించి, గ్రామసభలో పేరు పేరునా చదివి, "ఈ చేను దున్నేదెవరు?" అని అందరి ముందూ అడగాలి.

కూలివాడి సంగతి ఇంకా ఘోరం. చేను పోతే హెక్టారుకు ఇంత అని లెక్క వుంది. చేనుతోపాటు కోత, కుప్ప, నూర్పిడి అన్నీ పోయినవాడికి? కేంద్రం 2022 నుంచి 2026 వరకు అమలుకు ఇచ్చిన సహాయ నిబంధనల్లో ఒక అంశం వుంది. బతుకుతెరువు తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబంలో ఇద్దరు పెద్దవాళ్లకు ఉపాధి హామీ కూలి రేటున రోజుకింత ఇవ్వవచ్చు. షరతేమిటంటే వాళ్లు సహాయ శిబిరాల్లో వుండకూడదు, అటువంటి కుటుంబాలని ప్రభుత్వం గుర్తించి ధ్రువపరచాలి. ఈ సంగతి ఎంతమంది కూలీలకు తెలుసు? ఎంతమంది అధికారులు నోరు విప్పి చెప్పారు? గుర్తించాలంటే జాబితా వుండాలి. ఏ ఊళ్లో ఎన్ని కుటుంబాలు కూలి మీద బతుకుతున్నాయో మన సంఘాలకు తెలుసు, మేస్త్రీలకు తెలుసు. ఆ జాబితాని ముందే తయారుచేసి, తహసీల్దారుకిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

ఇదంతా జరిగే పనేనా అని కొందరు అంటారు. ఒరిస్సా తీరం చూడండి. గంజాం జిల్లాలో వెంకట్రాయిపూర్ అనే జాలరి పల్లె వుంది. ఆ తీరంలో వేటాడే నోలియాలు మన తెలుగు మాట్లాడే జాలర్లే. 2020లో ఆ పల్లెనీ, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహీనీ సునామీకి సిద్ధంగా వున్న గ్రామాలుగా యునెస్కో గుర్తించింది. ఊరికే ఇవ్వలేదు ఆ గుర్తింపు. ఎటు పరిగెత్తాలో పటం గీసుకోవాలి, ఊరి కమిటీ వుండాలి, రాత్రీ పగలూ హెచ్చరిక అందే ఏర్పాటుండాలి, జనం స్వయంగా డ్రిల్ చెయ్యాలి. 1999 అక్టోబరు తుపానులో దాదాపు పదివేలమందిని పోగొట్టుకున్న రాష్ట్రం అది. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పదిలక్షలమందిని ముందే కదిలించి చావుల్ని పదుల్లోకి తేగలిగింది. అక్కడి కూలివాడి కష్టాలు తీరిపోయాయని మేము చెప్పబోవడం లేదు. డ్రిల్లుని ఊరివాళ్ల చేతికిస్తే ఏమవుతుందో మాత్రం అక్కడ చూడవచ్చు.

డ్రిల్ తేదీ తహసీల్దారు కచేరీలో ముందుగానే తెలుస్తుంది. అది కనుక్కుని, కూలీసంఘం నుంచి ఇద్దరు, కౌలు రైతుల నుంచి ఒకరు, జాలరిపేట నుంచి ఒకరు, తప్పనిసరిగా ఒక ఆడకూలీ – ఐదుగురు వెళ్లాలి. షామియానా దగ్గర కాదు, బల్ల చుట్టూ కూచునే గదిలోకి రానివ్వమని అర్జీ పెట్టాలి. రేషను డీలరునీ లైన్‌మన్‌నీ అక్కడికి పిలిపించమని అడగాలి. ఆ తర్వాత మిషను ఆపమని చెప్పాలి.