వైఫై నెలకొల్పుటకు ముందు చేయవలసిన స్థలపరీక్ష

సర్వే యనగానే మన పల్లెలవారికి స్ఫురించునది గొలుసు, సరిహద్దు రాయి, కరణముగారి చేతిలోని పటము. పొలము కంటికి కనబడును. గట్టు కాలికి తగులును. కొలత తప్పినచో పొరుగు రైతే వచ్చి కేకలు వేయును. మేమీ వ్యాసమున చెప్పబూనిన సర్వేకు పొలమును లేదు, గట్టును లేదు. ఒక భవనములో వైఫై తరంగము ఎచ్చట అందును, ఎచ్చట అందదు, అందినను పనికి వచ్చునా రాదా యని ముందుగా కొలిచి చూచుటయే దీని పని. ఇందు తప్పు జరిగినను కేక వేయువాడుండడు. మూలబల్లపై కూర్చున్న పిల్లవాడు తన ఫోనే మంచిది కాదనుకొని యూరకుండును.

ఈ సంగతి మాకు పుస్తకమువలన గాక నష్టమువలన తెలిసినది. కొన్ని యేండ్ల క్రిందట పూర్వవిద్యార్థుల చందాలతో మా పాఠశాలకు నాలుగు యాక్సెస్ పాయింట్లు కొంటిమి. తీగద్వారా వచ్చు ఇంటర్నెట్టును గాలిలోనికి విడుచు పెట్టెలకు ఆ పేరు. బిగించుటకు వచ్చినవారు గంటసేపు తిరిగి, తీగ లాగుట సులువని నాలుగింటిని ముందు వసారాలోనే వరుసగా బిగించిపోయిరి. వసారాలో నిలిచి ఫోను తీసినచో సిగ్నల్ గుర్తు నిండుగా కనబడెను. మేమును సంతోషించి సొమ్ము చెల్లించితిమి. ఆ యేడు ఉపకారవేతనమునకై ట్యాబులమీద జరిగిన పోటీపరీక్షలో, చివరి గదిలోని యెనిమిదవ తరగతివారిలో ఆరుగురి జవాబులు చేరకయే వేళ ముగిసెను. వారిలో నొక బాలిక లెక్కలలో మా బడి కంతటికి మిన్న. మరల వ్రాయనిచ్చుటకు వీలులేదని జవాబు వచ్చెను. ఆ పిల్ల చేసిన తప్పేమియు లేదు. ఆమె కూర్చున్న చోటును ముందుగా ఎవరును కొలువకుండుటయే తప్పు, ఆ తప్పు మాది.

ఆ గది గోడలు రెండడుగుల మందమున రాతితోను సున్నముతోను కట్టబడినవి. వైఫై తరంగములు ముఖ్యముగా రెండు తెగలు: 2.4 గిగాహెర్ట్జ్‌ది ఒకటి, 5 గిగాహెర్ట్జ్‌ది మరియొకటి. మొదటిదాని తరంగదైర్ఘ్యము సుమారు 12 సెంటీమీటర్లు. రెండవదానిది అందు సగమునకు లోపు. రెండవది వేగముగా పెద్ద మోతాదున సమాచారమును మోయును గాని గోడలయొద్ద త్వరగా డస్సిపోవును. పలుచని చెక్కతలుపు దీని నంతగా బాధింపదు. ఇటుకగోడ కొంత మ్రింగును. దట్టమైన రాతిగోడయు, ఇనుపచువ్వలు గల కాంక్రీటును మిక్కిలి మ్రింగును. ఇనుపరేకు దాదాపు వెనుకకు త్రిప్పివేయును. జగదీశచంద్ర బోసుగారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమునందే కలకత్తాలో గోడలగుండ విద్యుత్తరంగములను పంపి అవతల గంట మ్రోగించి చూపిరి. కాని గోడ దాటుట వేరు. దాటినపిమ్మట ఒక తరగతి పరీక్ష వ్రాయుటకు చాలినంత మిగులుట వేరు.

మిగిలినదెంతయో చెప్పు కొలతకు డీబీఎం అని పేరు. ఫోనులో పైన కనబడు గీతలను నమ్మరాదు. ఒక్కొక్క ఫోను వానిని ఒక్కొక్క విధముగా గీయును. అంకెను చూపు యాప్‌లు ఉచితముగా దొరకును. ఆ అంకె ఋణసంఖ్య. సున్నకు దగ్గరయిన కొలది బలము హెచ్చు. మూడు తగ్గినచో బలము సగమగును, పది తగ్గినచో పదవవంతగును. సాధారణముగా -67 డీబీఎంకు తగ్గకుండ చూచుకొనుట ఈ వృత్తివారి వాడుక. ఒక వాటును 500 కోట్ల భాగములు చేసినచో అందొక భాగమే ఈ -67. ఇంత స్వల్పముతో పని జరుగుట వింతయే గాని, ఇంతకును తక్కువైనచో జరుగకుండుట వింత కాదు. మా చివరి గదిలో 2.4 తెగ -71గాను, 5 తెగ -84గాను కనబడెను.

ఇక పరీక్ష చేయు విధము. ముందుగా కావలసినది యంత్రము కాదు, ప్రశ్న. ఏ గదిలో, ఏ గంటలో, ఎందరు, ఏమి పని చేయుదురు? ఉత్తరములు చదువుటకు చాలినది నలువదిమంది ఒకేసారి వీడియో చూచుటకు చాలదు. పిదప భవనపు ప్లాను కావలెను. ప్లానును, గోడల తరగతిని తెలిపినచో సిగ్నల్ పారుదలను ఊహించి రంగులలో చూపు సాఫ్ట్‌వేర్లు కలవు. ఎన్ని పెట్టెలు కావలసియుండునో స్థూలముగా తెలిసికొనుటకు అవి మంచివే. కాని మా పాత ప్లానులో కిటికీ యున్నచోట ఇప్పుడు రాతికట్టు కలదు. గ్రంథాలయములోని ఇనుప బీరువాలు ప్లానునందు లేనేలేవు. కావున ప్లాను చేతబట్టి ప్రతి గదికిని నడువవలసినదే.

మేము చేసినది చెప్పెదము. ఒక యాక్సెస్ పాయింటును వెదురుగడకు కట్టి, చివర కది ఉండబోవు తొమ్మిదడుగుల ఎత్తుననే నిలిపి, బ్యాటరీతో నడిపితిమి. నేలమీద పెట్టి కొలిచిన కొలత గోడమీది పెట్టెకు చెల్లదు. ప్రతి గదిని చదరపు గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడియందు కొంచెముసేపు ఆగి, వచ్చిన అంకెను ప్లానుపై వ్రాసికొంటిమి. పొడుగునను వాడినది ఒక్కటే ఫోను. ఏలయన రెండు ఫోనులు ప్రక్కప్రక్కన పెట్టిన నాలుగైదు అంకెల భేదము చూపుట కద్దు. ఒకచోట -67 హద్దు ముగియగానే సుద్దగీత గీసి, తరువాతి పెట్టె హద్దు దానిని కొంత కమ్ముకొనునట్లు వెదురుగడను జరిపితిమి. ఫోను పట్టి నడిచినది పైన చెప్పిన బాలికయే.

శనివారము మధ్యాహ్నము పని ముగిసినదని మేము కాగితములు మడుచుచుండగా ఆమె, “మాష్టారూ, పరీక్షనాడు గది ఇలా ఖాళీగా ఉండదు కదా?” అని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మనుష్యదేహమున అధికభాగము నీరు. నీరు ఈ తరంగములను మ్రింగును. సోమవారము పిల్లలను బల్లలనిండ కూర్చుండబెట్టి తిరిగి కొలువగా, ఖాళీగదిలో -62 చూపిన వెనుకబల్ల -67 చూపెను. హద్దులో నున్నదనుకొన్నది హద్దుమీదికి వచ్చినది. ఆ దినముననే మా గీతలలో సగము చెరిపి మరల గీసితిమి.

సిగ్నల్ అంకె ఒక్కటే చూచి తృప్తిపడుటయు పొరబాటే. పెట్టె గొంతు పెద్దది, ఫోను గొంతు చిన్నది. దూరమునుండి పెట్టె పిలిచిన పిలుపు మనకు వినబడినను మన బదులు దానికి వినబడకపోవచ్చును. పరీక్షలో జరిగినది కొంతవర కిదియే: ప్రశ్నలు వచ్చినవి, జవాబులు పోలేదు. అందుచేత పెట్టెల శక్తిని నిండుగా పెంచుట మేలుకాదు. ఫోనుల శక్తికి దగ్గరగా తగ్గించి ఉంచవలెను. కొలుచునప్పుడును అట్లే ఉంచి, ప్రతి మూలనుండియు నిజముగా ఒక దస్త్రమును పంపి చూడవలెను.

మరియొక దోషము మాకు వెదకగా దొరికినది. మన దేశమున 2.4 తెగలో 13 ఛానళ్లు కలవు గాని అవి ఒకదానిపై నొకటి పడియుండుటచే, పరస్పరము చెరుపుకొనక ఏకకాలమున సాగదగినవి మూడే. 1, 6, 11 వాడుక. మా నాలుగు పెట్టెలును 6లోనే యుండెను! ఒకే ఛానలులో నున్నవి ఒకటి మాటాడునప్పుడు తక్కినవి ఆగి వినవలెను. కాబట్టి నాలుగు పెట్టెలు కొన్నను మాకు దక్కినది నాలుగు బండ్లు నిలిచిన ఒక ఇరుకు సందు. పైగా ప్రహరీ కవతలి దుకాణముల వైఫైయు అదే సందున నుండెను. మధ్యాహ్నవేళ అధ్యాపకుల గదిలో అన్నము వెచ్చజేయు మైక్రోవేవ్ పొయ్యి కూడ 2.4 ప్రాంతముననే పనిచేయునది గావున, అది నడచినంతసేపు ప్రక్కగదిలో పని కుంటుపడెను. ఉదయము మాత్రమే కొలిచిన యెడల ఇది తెలిసియుండెడిది కాదు.

చివర కైన ఖర్చు తీగకు మాత్రమే. క్రొత్త పెట్టె యొకటియు కొనలేదు. వసారాలోనివి విప్పి, ఒకటి చివరి గదిలోను, తక్కినవి తరగతుల నడుమను బిగించితిమి, 2.4కు మూడు ఛానళ్లు పంచి, నాలుగవ పెట్టెలో ఆ తెగను ఆపివేసి, వీలైనంత పనిని 5 తెగకు మరల్చితిమి. బిగించిన పిమ్మట, పిల్లలు నిండియుండగా, అవే గళ్లలో మరల నడచితిమి. ఈ రెండవ నడకను మానివేయువారు పలువురు. మొదటి నడకలోని ఊహలన్నియు సరిచూడబడున దిక్కడనే. చివరి గది వెనుకబల్లయొద్ద ఇప్పుడు 5 తెగలోనే -58 కనబడుచున్నది.

గ్రంథాలయమున బీరువాల వెనుక మూల మాత్రము -74 వద్దనే యున్నది. దానిని ప్లానుపై ఎఱ్ఱసిరాతో గుర్తించి, పరీక్షలకు అచ్చట బల్ల వేయరాదని వ్రాసితిమి. వచ్చు వేసవిలో ఆటస్థలము వైపున రేకుల షెడ్డు లేవనున్నది. అది లేచిన వారమున ఆ వైపు గదులను తిరిగి కొలువవలెను. ఫోను, వెదురుగడ, ప్లాను ప్రతియు సైన్సుగది బీరువాలో నున్నవి.