నెట్ తెగితే డబ్బు చేరినట్టా, చేరనట్టా?

పిల్లలూ! కిరాణా కొట్లో సరుకులు కొని ఫోన్‌తో డబ్బు చెల్లించడం మీరు చూసే ఉంటారు. మీట నొక్కగానే తెరమీద చక్రం గిర్రున తిరుగుతుంది. సరిగ్గా ఆ క్షణాన నెట్ పోయిందనుకోండి. డబ్బు వెళ్ళిందా, లేదా?

"వెళ్ళి ఉండదు, మళ్ళీ నొక్కితే సరి!" అంటారేమో. అక్కడే ఉంది చిక్కంతా. మన ఫోన్ నుంచి కోరిక, దూరాన ఉన్న సర్వర్ అనే కంప్యూటర్‌కు చేరాలి. చేరిందన్న జవాబు తిరిగి ఫోన్‌కు రావాలి. వెళ్ళేటప్పుడు దారి తెగితే డబ్బు కదలలేదన్నమాట. వచ్చేటప్పుడు తెగితే డబ్బు కదిలింది గాని కబురు అందలేదు. పాపం, ఫోన్‌కు ఈ రెండూ ఒక్కలాగే ఉంటాయి. జవాబు లేదు, అంతే!

1975లో అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ చిక్కును గురించి రాశారు. దారి ఎప్పుడైనా తెగవచ్చు అనుకున్నప్పుడు, ఎన్ని కబుర్లు పంపుకున్నా ఇద్దరికీ పూర్తి నమ్మకం కుదరదు. చివరి కబురు పంపినవాడికి అది చేరిందో లేదో తెలియదు కదా! 1978లో జిమ్ గ్రే దీనిని ఇద్దరు సేనాధిపతుల కథగా చెప్పాడు. ఆ పేరే స్థిరపడిపోయింది.

సందేహం తీరకపోయినా నష్టం రాకుండా చూడవచ్చు. అందుకొక చక్కని ఉపాయం ఉంది. పంపే ముందే యాప్ ఆ చెల్లింపుకు ఒక నంబరు వేసి, ఫోన్‌లో రాసి పెట్టుకోవాలి. జవాబు రాకపోతే అదే నంబరుతో మళ్ళీ పంపాలి. సర్వర్ తన పట్టీ చూసుకుంటుంది. ఆ నంబరు కొత్తదైతే పని చేస్తుంది. పాతదైతే పని మళ్ళీ చేయదు, మొదట ఇచ్చిన జవాబునే తిరిగి చెబుతుంది. కాబట్టి 200 రూపాయల కోరిక పదిసార్లు వెళ్ళినా ఖాతాలో తగ్గేది 200 మాత్రమే. మనం మీట మళ్ళీ నొక్కితే మాత్రం యాప్ దానిని కొత్త చెల్లింపు అనుకొని కొత్త నంబరు వేయవచ్చు. అప్పుడు 400 పోతాయి!

మళ్ళీ మళ్ళీ పంపడానికీ ఒక లెక్కుంది. 1 సెకను ఆగి, తరువాత 2, 4, 8 ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవడం మంచిది. పైగా ఒక్కొక్క ఫోన్ కాస్త తేడాగా ఆగాలి. లేకుంటే టవర్ పనిచేయడం మొదలవగానే ఊళ్ళోని ఫోన్లన్నీ ఒక్కసారే మీదపడతాయి.

ఇక తెరమీద ఏమని చూపాలి? జవాబు రానంత మాత్రాన "విఫలమైంది" అని రాసే యాప్ అబద్ధమాడుతున్నట్టే. "ఇంకా తేలలేదు" అనడమే న్యాయం. వాట్సాప్‌లో ఈ పద్ధతి బాగుంటుంది. సందేశం ఫోన్‌లోనే ఉంటే గడియారం బొమ్మ, సర్వర్‌కు చేరితే ఒక టిక్కు, అవతలివారి ఫోన్‌కు చేరితే రెండు టిక్కులు. ఈసారి నెట్ ఆపి మీ స్నేహితునికి ఒక సందేశం పంపి, ఆ గడియారాన్ని చూడండి.