మందుల ధరపై మీ మాటా చెల్లుతుంది!

నెలకు రూ.2,80,428. ముదిరిన కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ మాత్రలకు ఒకప్పుడు మన దేశంలో ఉన్న ధర ఇది. బేయర్ కంపెనీ వీటిని ‘నెక్సావర్’ పేరుతో అమ్మేది. అదే మందును హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా రూ.8,880కే ఇస్తానంది. తయారీ తెలుసు, యంత్రాలున్నాయి. అడ్డల్లా పేటెంటే.

మీరు ఫార్మసీ, లా, లైఫ్ సైన్సెస్.. ఏది చదువుతున్నా, తర్వాత జరిగింది తెలుసుకోవాలి. పేటెంట్ల చట్టంలో 84వ సెక్షన్ ఉంది. పేటెంటు ఇచ్చి మూడేళ్లు దాటాక కూడా మందు జనం భరించగల ధరకు దొరక్కపోతే, వేరే కంపెనీ ‘తప్పనిసరి లైసెన్సు’ అడగొచ్చు. నాట్కో అడిగింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ సరేనన్నారు. ఊరికే కాదులెండి, అమ్మకాలపై బేయర్‌కు రాయల్టీ కట్టాలి. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా తీర్పు మారలేదు.

చాలామంది కథను ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆ తర్వాత అలాంటి లైసెన్సు మరొకటి రాలేదు. మన లీ ఫార్మా మధుమేహం మందు సాక్సాగ్లిప్టిన్‌కు అడిగితే తిరస్కరించారు. కాబట్టి పేటెంటు వచ్చాక పోరాడటం కంటే, అర్హత లేనిది రాకుండా ముందే ఆపడం మేలు.

అందుకూ చట్టంలో దారులున్నాయి. 2005లో మార్చిన 3(డి) ప్రకారం, పాత మందును కాస్త అటూఇటూ మార్చి మళ్లీ పేటెంటు కావాలంటే, వైద్యపరంగా అది మెరుగ్గా పనిచేస్తుందని చూపాలి. నోవార్టిస్ ‘గ్లివెక్’ కేసు 2013లో సుప్రీంకోర్టులో వీగిపోయింది ఇక్కడే. ఇక 25(1) సెక్షన్ ఇంకా ముఖ్యం. దరఖాస్తు ప్రచురితమయ్యాక, పేటెంటు ఇచ్చేలోపు ‘ఎవరైనా’ అభ్యంతరం చెప్పొచ్చు. క్షయను జయించిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే 2019లో ఆ పనే చేశారు. చికిత్సలో వాడిన మందులు వాళ్ల వినికిడిని దెబ్బతీశాయి. మొండి క్షయకు మెరుగైన మందు బెడాక్విలిన్‌పై గుత్తాధిపత్యం 2027 దాకా సాగకూడదన్నది వాళ్ల వాదన. 2023 మార్చిలో పేటెంట్ ఆఫీసు జాన్సన్ అండ్ జాన్సన్ దరఖాస్తును తోసిపుచ్చింది.

ఆ దారే ఇప్పుడు ఇరుకైంది. 2024 మార్చిలో వచ్చిన నిబంధనలతో, అంతకుముందు లేని ఫీజు ఈ అభ్యంతరాలకు పెట్టారు. అసలు అభ్యంతరం వినదగిందో లేదో కంట్రోలర్ ముందుగా తేలుస్తారు. పనికిమాలిన అభ్యంతరాలూ వస్తాయి, నిజమే. కానీ కంపెనీకీ రోగికీ ఫీజు ఒకేలా బరువు కాదు కదా! ఈ నిబంధనల ముసాయిదా 2023 ఆగస్టులో వచ్చింది. అభిప్రాయం చెప్పడానికి గడువు 30 రోజులే. అప్పట్లో మీ కాలేజీలో దీనిపై ఎవరైనా మాట్లాడారా? ఈసారి ముసాయిదా వచ్చినప్పుడు మీ క్లాసు తరఫున రెండు పేజీలు రాసి పంపొచ్చు. ఫీజు తీసేయమని ఎంపీకీ రాయొచ్చు.

దీన్నే వృత్తిగానూ మలచుకోవచ్చు. సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ, 21 ఏళ్లు ఉంటే పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు, లా పట్టా అక్కర్లేదు. హైదరాబాద్ నల్సార్‌లో పేటెంట్ చట్టంపై పీజీ డిప్లొమా ఉంది. దరఖాస్తులు చదవడమైతే ఇవాళే మొదలుపెట్టొచ్చు. పేటెంట్ ఆఫీసు జర్నల్ ప్రతి శుక్రవారం ఆన్‌లైన్లో ఉచితంగా వస్తుంది. మీకు తెలిసిన మందు పేరేదైనా అందులో కనిపిస్తే, అందులో నిజంగా కొత్తదేముందో మీ ఫార్మకాలజీ సార్‌ను అడగండి.