విభ పక్కన సంతమసం

సూరత్ అనగానే మనవాళ్లకు ముందు సాంచెలు గుర్తొస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి నవజీవన్ రైలెక్కి వెళ్లి, అక్కడే స్థిరపడిన నేత కుటుంబాలు తక్కువేం కాదు. ఆ తర్వాత జరీ, వజ్రాలు. ఆకాశంలో కూడా సూరత్‌కు ఒక చిన్న వాటా ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

2019లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు నూరేళ్లు నిండాయి. ఆ సందర్భంగా వందకు పైగా దేశాలకు తలా ఒక నక్షత్రాన్ని, దాని చుట్టూ తిరిగే ఒక గ్రహాన్ని కేటాయించి, పేర్లు మీరే పెట్టుకోండి అంది. మన వంతుకు వచ్చిన నక్షత్రం హెచ్‌డీ 86081. దేశం నలుమూలల నుంచి వచ్చిన పేర్లను వడపోసి, ఓట్లు వేయించి, డిసెంబరులో ఫలితం ప్రకటించారు. నక్షత్రం బిభా, గ్రహం సంతమస. మొదటి పేరు పంపింది సూరత్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థి. రెండోది పుణెలో ఒక బడిపిల్లవాడు.

బిభా అంటే బిభా చౌధురి. 1913లో కలకత్తాలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త. డి.ఎం. బోస్‌తో కలిసి డార్జిలింగ్ కొండల మీద ఫొటో పలకలు నెలల తరబడి ఉంచి, కాస్మిక్ కిరణాలు వాటి మీద గీసిన సన్నని గీతల్ని సూక్ష్మదర్శినిలో కొలిచారు. ఎలక్ట్రాన్‌కు దాదాపు రెండు వందల రెట్లు బరువున్న కణాల జాడ తేలింది. ఇంతలో ప్రపంచయుద్ధం. మేలురకం పలకలు దొరకలేదు, పని ఆగింది. అదే దారిలో, మెరుగైన పలకలతో నడిచిన సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ వచ్చింది. పై-మెసాన్ అనే కణాన్ని కనిపెట్టింది ఆమేనని పేరు పెట్టినప్పటి వివరణలో రాశారు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఆ కణాల జాడ తొలిగా పట్టినవాళ్లలో ఒకరు అంటే చాలు, అదే పెద్ద మాట. టాటా మౌలిక పరిశోధన సంస్థలో తొలి మహిళా పరిశోధకురాలు ఆమే. తర్వాత అహ్మదాబాద్ భౌతిక పరిశోధనాలయంలో పనిచేశారు. 1991లో కన్నుమూశారు.

బెంగాలీల నోట వకారం బకారమవుతుంది గనక బిభా అయింది. మనం పలికితే విభ. విభ అంటే వెలుగు, విభాకరుడంటే సూర్యుడు. నక్షత్రానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక గ్రహం. ఇది 2006లోనే దొరికింది, అదీ కంటికి కనిపించకుండానే. ఒప్పులకుప్ప ఆట తలుచుకోండి. ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని వెనక్కి వాలి గిర్రున తిరుగుతారు. ఒకరు పెద్ద, ఒకరు బక్కపిల్ల అయితే చిన్నది పెద్ద చుట్టు తిరుగుతుంది, పెద్దది ఉన్నచోటే కాస్త ఊగుతుంది. నక్షత్రమూ అంతే, గ్రహం లాగుతుంటే ఊగుతుంది. మనవైపు వచ్చేటప్పుడు దాని వెలుగు వెంట్రుకవాసి నీలం వైపు, వెనక్కి పోయేటప్పుడు ఎరుపు వైపు జరుగుతుంది. ప్లాట్‌ఫాం దాటిపోయే రైలు కూత స్వరం మారినట్టే. బృహస్పతి మన సూర్యుణ్ణి ఊపేది సెకనుకు పదమూడు మీటర్లలోపే. విభ ఊగే వేగం సెకనుకు రెండు వందల మీటర్ల పైన, అంటే దాదాపు విమానం వేగం.

అంత బలంగా లాగాలంటే గ్రహం బరువైనా ఉండాలి, దగ్గరైనా ఉండాలి. ఇది రెండూ. బరువు బృహస్పతికి కనీసం ఒకటిన్నర రెట్లు. నక్షత్రానికి దూరం సుమారు 52 లక్షల కిలోమీటర్లు. మనకూ సూర్యుడికీ మధ్య 15 కోట్లు. ఒక చుట్టుకు పట్టేది 2.14 రోజులు. అక్కడ పుట్టినవాడికి వారం తిరిగేలోగా మూడు పుట్టినరోజులు! ఆ ఆకాశంలో విభ ఎంత ఉంటుందంటే, చెయ్యి ముందుకు చాచి వేళ్లు విప్పితే జానెడు కప్పుతుందే, దాదాపు అంత. ఇంత దగ్గరలో వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ బాగా దాటుతుందని లెక్క. సూరత్ జరీ చీర అక్కడికి చేరితే పట్టు మాట అటుంచండి, జరీలోని వెండీ బంగారమూ కరిగి కారతాయి.

నాకు పేచీ ఉన్నది రెండో పేరుతోనే. సంతమస అంటే మబ్బు పట్టినది అని, గ్రహ వాతావరణాన్ని ఉద్దేశించి పెట్టామని చెప్పారు. కానీ ఈ గ్రహం మన చూపులో నక్షత్రానికి అడ్డంగా రాదు. అడ్డం వస్తేనే గ్రహపు గాలిలోంచి వడిసి వచ్చే వెలుగును పరీక్షించగలం. కాబట్టి ఆ మబ్బులు ఎవరూ చూసి చెప్పినవి కావు. ఇలాంటి గ్రహాల్లో మబ్బులుండవని కాదు. వాస్ప్-17బీ మబ్బుల్లో పలుగురాయి రేణువులున్నాయని 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తేల్చింది. ఇక్కడ మాత్రం అది ఊహే.

అమరకోశం తీస్తే చీకట్లు మూడు రకాలు. దట్టమైనది అంధతమసం, పలచనిది అవతమసం, నాలుగు దిక్కులా కమ్మినది సంతమసం. ఈ అర్థమే గ్రహానికి ఎక్కువ నప్పుతుంది. ఈ జాతి వేడి గ్రహాలు చాలావరకు నల్లనివి, వాటిలో ట్రెస్-2బీ తన మీద పడ్డ వెలుగులో నూటికి ఒక పాలు కూడా తిప్పి పంపదు. పైగా ఇంత దగ్గరగా తిరిగే గ్రహం ఎప్పుడూ ఒకే ముఖాన్ని నక్షత్రానికి చూపుతుందని అంచనా. అవతలి సగానికి తెల్లవారడమే లేదు. పుణె పిల్లవాడు మబ్బు అనుకుని పెట్టిన పేరు చీకటికే సరిగ్గా అతికింది.

విభ మనకు దాదాపు 340 కాంతి సంవత్సరాల దూరం. ఈ రాత్రి అందే వెలుగు తానీషా గోల్కొండను ఏలుతున్న కాలంలో అక్కడ బయల్దేరింది. వట్టి కంటికి ఆనదు, మంచి బైనాక్యులర్ కావాలి. మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో మఖ నక్షత్రాన్ని పట్టుకుని, అక్కడి నుంచి జానెడుకు కాస్త తక్కువ దక్షిణంగా వెతకండి.