బంతిని చూసేది ఏ కన్ను?

మొయినాబాద్: “బంతిని చూడు... బంతిని చూడు!” టెన్నిస్ కోర్టు పక్కన పది నిముషాలు నిలబడితే చాలు, ఈ మాట పాతికసార్లు వినబడుతుంది. నేర్పేవారు అరుస్తూనే ఉంటారు. నేర్చుకునేవారు ‘చూస్తూనే ఉన్నాను సార్’ అంటారు. బంతి మాత్రం వెళ్ళి వలలో పడుతుంది. చిత్రమేమిటంటే ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి 1998 నవంబరులో ప్రారంభించారు. అంతకు ముందు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం మన రంగారెడ్డి జిల్లాలో బండరాళ్ళ నడుమ ఉన్న పల్లెలే. ఇవాళ ఆ రాళ్ళ స్థానంలో అద్దాల మేడలు, వాటి మధ్య టెన్నిస్ కోర్టులు. పగలంతా కంప్యూటరు ముందు కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చీకటి పడ్డాక దీపాల వెలుగులో రాకెట్టు పడుతున్నారు. మంచి రాకెట్టు ఒకదాని ధరకు మన వైపు ఒక గొర్రె వస్తుంది. అయినా ఈ ఆట మనకు మరీ పరాయిదేమీ కాదు. హైదరాబాదులో పెరిగి, 2015లో మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయిన సానియా మీర్జా తన అకాడమీని 2013లో ఇక్కడే, మొయినాబాద్ మండలం ముర్తుజాగూడలో నెలకొల్పారు. ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచి 2023లో ఆమె ఆట నుంచి తప్పుకున్నారు. కుడి చేత్తో ఆమె కొట్టే ఫోర్‌హ్యాండ్ దెబ్బను ప్రపంచంలో పేరున్న ఆటగత్తెలే తట్టుకోలేకపోయేవారు.

సరే, బంతి సంగతికి వద్దాం. చూస్తున్నామనుకుంటున్న కన్ను నిజంగా ఏం చేస్తోంది?

వడ్లాయన కన్ను

మన ఊళ్ళో వడ్లాయన చెక్కను చిత్రిక పట్టి, వంకర ఉందేమోనని కంటి దగ్గరికి ఎత్తి చూస్తాడు. ఒక కన్ను మూస్తాడు. ఎప్పుడూ అదే కన్ను మూస్తాడు, ఎప్పుడూ అదే కంటితో చూస్తాడు. అలా చూడాలని ఆయనకు ఎవరూ నేర్పలేదు. గోడ కడుతూ దారం సూటి చూసే మేస్త్రీ కూడా అంతే. చేతుల్లో కుడి ఎడమ వాటం ఉన్నట్టే కళ్ళలోనూ వాటం ఉంది. రెండు కళ్ళూ చూస్తూనే ఉన్నా, గురి పెట్టే వేళకు మెదడు ఒక కంటి మాటకే ఎక్కువ విలువ ఇస్తుంది. దీన్ని డామినెంట్ ఐ అంటారు. మనం గురి కన్ను అనుకుందాం.

మీ గురి కన్ను ఏదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు ఒకదాని మీద ఒకటి వేసి, మధ్యలో రూపాయి బిళ్ళంత సందు వదలండి. ఆ సందులోంచి రెండు కళ్ళూ తెరిచి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్నో, నీళ్ళ ట్యాంకునో చూడండి. చేతులు కదపకుండా ఎడమ కన్ను మూయండి. స్తంభం ఇంకా కనబడుతుంటే మీది కుడి కన్ను వాటం. స్తంభం మాయమైతే ఎడమ కన్ను వాటం. ఇటలీ పండితుడు పోర్టా ఇలాంటి పరీక్షను 1593లోనే రాసిపెట్టాడు. నూటికి తొంభైమంది కుడి చేతి వాటం వారైతే, కుడి కన్ను వాటం వారు మూడింట రెండు వంతులే. అంటే కుడి చేత్తో అన్నం తింటూ ఎడమ కంటితో గురి చూసేవారు మన మధ్య చాలామందే ఉన్నారు. అది జబ్బు కాదు, లోపం కాదు, అపశకునం అంతకన్నా కాదు.

ముక్కు అడ్డం వస్తే

ఇది టెన్నిస్ దెబ్బకు ఎలా తగులుతుందో చూడండి. కుడి చేతి వాటం ఆటగాడు ఫోర్‌హ్యాండ్ కొట్టడానికి ఒళ్ళు కుడి పక్కకు తిప్పుతాడు. ఎడమ భుజం వల వైపు వస్తుంది. ఎడమ కన్ను ముందుకు, కుడి కన్ను వెనక్కు అవుతాయి. ముఖం సరిగా తిప్పకపోతే కుడి కంటికి సొంత ముక్కే అడ్డం! ఆ మనిషిది కుడి కన్ను వాటమైతే బంతి మీద గురి చూడాల్సిన కన్నే మరుగున పడినట్టు. బ్యాక్‌హ్యాండ్‌లో దీనికి తారుమారు. కుడి భుజం ముందుకు వస్తుంది, కుడి కంటికి దారి తెరుచుకుంటుంది. అందుకే కొందరు శిక్షకులు ఒక మాట చెబుతారు: కుడి చెయ్యి, కుడి కన్ను వాటం ఉన్నవారికి బ్యాక్‌హ్యాండ్ ఇట్టే అబ్బుతుంది. వారు ఫోర్‌హ్యాండ్‌లో మాత్రం ఛాతీ కొంచెం వల వైపు తెరిచి నిలబడి, బంతిని ఒంటికి బాగా ముందే అందుకోవాలి. కుడి చెయ్యి, ఎడమ కన్ను వాటం వారికి ఫోర్‌హ్యాండ్ సులువు, బ్యాక్‌హ్యాండ్‌లో ముఖం తిప్పడం మరవకూడదు.

వినడానికి లెక్క కుదిరింది. కానీ ఇది రుజువైన సూత్రమని నమ్మి పిల్లల చెయ్యి మార్పించడం, ఆట మార్పించడం తగదు. క్రికెట్ బ్యాట్స్‌మెన్ మీద డేవిడ్ మాన్ బృందం చేసిన పరిశోధన 2016లో వెలువడింది. ఏ చెయ్యి బ్యాటు పిడిలో పైన ఉందనేదానికి పెద్ద ఆటగాళ్ళలో తేడా కనబడింది గాని, ఏ కన్ను గురి కన్ను అనేదానికి లాభం కనబడలేదు. రెండు కళ్ళకూ బంతి అందేలా ముఖం నిండుగా తిప్పితే వాటం ఏదైనా ఆట సాగుతుంది. శిక్షకుడికి ఈ సంగతి తెలిసి ఉంటే ‘బంతిని చూడు’ అని అరిచే బదులు ‘ముఖం తిప్పు’ అంటాడు. ఆ ఒక్క మాట తేడాతో కుర్రవాడికి దారి దొరుకుతుంది.

కన్ను వెంట పరుగెత్తదు

ఇక రెండో చిక్కు. బంతిని రాకెట్టు దాకా చూడమంటారు. అది మనిషి కంటికి సాధ్యమేనా?

టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో సర్వీసు చేస్తే బంతి ఈ కొస నుంచి ఆ కొసకు రావడానికి అర సెకను పైచిలుకు పడుతుంది. చూసి, తెలుసుకుని, చెయ్యి కదపడానికే మనిషికి సెకనులో అయిదో వంతు కావాలి. రాకెట్టు తీగల మీద బంతి ఉండేది సెకనులో వెయ్యో వంతులు నాలుగైదు మాత్రమే. బంతి దగ్గరికి వచ్చేకొద్దీ కన్ను దాని వెంట తిరగలేక వెనకబడిపోతుంది.

మరి మేటి ఆటగాళ్ళు ఎలా కొడుతున్నారు? క్రికెట్ బ్యాట్స్‌మెన్ కళ్ళ కదలికను చిన్న కెమెరాతో పట్టి లాండ్, మెక్లియాడ్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 2000లో ఆ గుట్టు బయటపెట్టారు. బంతి వదిలిన క్షణాన బ్యాట్స్‌మన్ దాన్ని చూస్తాడు. తర్వాత దాని వెంటపడడు. అది నేల తాకబోయే చోటుకు కన్ను ముందే దూకి అక్కడ కాచుకుంటుంది. బంతి వచ్చి నేల తాకాక మళ్ళీ కాస్త దూరం వెంట వెళుతుంది. ఆరితేరినవాడి కన్ను ముందుగా దూకుతుంది, కొత్తవాడి కన్ను ఆలస్యంగా దూకుతుంది. తేడా అంతా అక్కడే.

ఇది మన పిల్లలకు తెలియని విద్య కాదు. జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పేవాడు పిట్ట ఉన్న చోటికి రాయి వేయడు, పిట్ట లేచి వెళ్ళబోయే చోటికి వేస్తాడు. చిర్రగోనె ఆటలో చూడండి. గోనె ఎగిరాక దాన్ని కొట్టకముందే ‘ఎంత దూరం పోతుందో’ అని తల ఎత్తినవాడి చిర్ర గాలిలో తిరుగుతుంది. టెన్నిస్‌లో జరిగే తప్పూ అదే. బంతి తగలకముందే అది ఎక్కడ పడుతుందోనని తల లేస్తుంది. తలతో పాటు భుజం లేస్తుంది, రాకెట్టు ముఖం వాలుతుంది. బంతి దారి ఒక్క డిగ్రీ మారితే కోర్టు ఆ చివరకు పోయేసరికి దాదాపు మూరెడు పక్కకు జరుగుతుంది. గీత లోపల పడాల్సింది గీత బయట పడడానికి మూరెడు చాలు.

స్విట్జర్లాండ్ ఆటగాడు రోజర్ ఫెదరర్ ఫొటోలు చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. బంతి రాకెట్టును వదిలి వెళ్ళిపోయినా ఆయన ముఖం ఇంకా అది తగిలిన చోటి వైపే ఉంటుంది. అక్కడ చూడడానికి ఇక ఏమీ లేదు. తల కదలకుండా ఉండడమే దాని లాభం. కాబట్టి ‘బంతిని చూడు’ అన్నదానికి అసలు అర్థం ‘తల ఎత్తకు’ అని. సర్వీసు చేసేటప్పుడు కూడా ఇంతే. పైకి వేసిన బంతికి రాకెట్టు తగిలేదాకా గడ్డం పైకే ఉండాలి. గడ్డం ముందే దించితే బంతి వలకు పోతుంది.

బంతి కంటికి ఆనాలని బంతి రంగే మార్చారంటే చూపు విలువ ఎంతో తెలుస్తుంది. ఒకప్పుడు తెల్ల బంతులతో ఆడేవారు. టీవీలో చూసేవారికి బాగా కనబడాలని 1972లో పసుపు బంతులను అనుమతించారు. పట్టుదలకు పేరుపడ్డ వింబుల్డన్ వారు 1986లో గాని ఒప్పుకోలేదు.

ఒంటి కన్నుతో నవాబు

ఈ ప్రస్తావన వచ్చినప్పుడు పటౌడీని తలచుకోక తప్పదు. ఆయనది క్రికెట్టే గాని, కన్నుకూ బంతికీ ఉన్న సంబంధం ఆయన కన్నా తెలిసినవారు లేరు. మన్సూర్ అలీఖాన్ పటౌడీ రంజీ పోటీల్లో హైదరాబాదు జట్టుకు ఆడారు. 1961 జులైలో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదం జరిగి ఆయన కుడి కంటి చూపు దాదాపు పోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. గ్లాసులో నీళ్ళు పోయబోతే పక్కన పడేవి. దూరం కొలిచేది రెండు కళ్ళ జోడీ కదా! ఒక కన్ను మూసి సూదిలో దారం ఎక్కించి చూడండి, ఆయన అవస్థ అర్థమవుతుంది.

కళ్ళెదుట బంతులు రెండు కనబడేవట. నిలబడే తీరు మార్చుకుని, టోపీని కుడి కంటి మీదికి దించుకుని ఆడారు. ఆ ప్రమాదం జరిగిన ఏడాదే డిసెంబరులో భారత జట్టులోకి వచ్చారు. 1962లో 21వ ఏట జట్టుకే కెప్టెన్ అయ్యారు. 46 టెస్టుల్లో ఆరు సెంచరీలు చేశారు. 1964లో ఢిల్లీలో ఇంగ్లండ్ మీద 203 పరుగులు చేసి చివరిదాకా అవుటు కాలేదు. కుడి చేతి బ్యాట్స్‌మన్‌కు బౌలర్ వైపు ఉండేది ఎడమ కన్ను. ఆయనకు మిగిలిందీ అదే. అదొక్కటే అదృష్టం, తక్కినదంతా సాధన. అయితే ఆయనకు సాగింది కదా అని చూపు తగ్గిన పిల్లల్ని ‘నువ్వూ అలాగే ఆడు’ అనడం న్యాయం కాదు.

చేతగానివాడు కాదు, కనబడనివాడు

అసలు ఈ విషయం పల్లెలో చెప్పుకోవలసింది ఇందుకే. బడిలో బంతి పట్టలేని పిల్లవాడు ఒకడైనా ఉంటాడు. వాడికి జట్టులో చోటు ఉండదు. వాడిని హద్దు దగ్గర బంతులు ఏరడానికి పెడతారు. ‘బంతిని చూడరా’ అని మాస్టారూ అంటారు, తోటివారూ అంటారు. ఒక్కోసారి వాడికి కనబడేదే ఒక కంటితో!

గురి కన్ను వేరు, చూపు మందగించిన కన్ను వేరు. గురి కన్ను వాటంలో రెండు కళ్ళ చూపూ బాగానే ఉంటుంది. కొందరు పిల్లలకు మాత్రం మెల్ల వల్లనో, ఒక కంటికి పవరు ఎక్కువ ఉండడం వల్లనో మెదడు ఆ కంటి చూపును పక్కన పెట్టేస్తుంది. డాక్టర్లు దీన్ని ఆంబ్లియోపియా అంటారు. లేజీ ఐ అన్నా అదే. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఇది ఉంటుంది. పైకి కన్ను మామూలుగానే కనిపించవచ్చు. పిల్లవాడు పుట్టినప్పటి నుంచీ అలాగే చూస్తున్నాడు కనుక తనకు తక్కువ కనబడుతోందని వాడికే తెలియదు. ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే అద్దాలతోనూ, బాగా కనబడే కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి మందకొడి కంటికి పని చెప్పడంతోనూ చాలావరకు నయమవుతుంది. పట్టీ మంచి కంటికి వేస్తారేమిటని కొందరు తల్లులు తీసి పారేస్తుంటారు. అలా తీయకూడదు. వయసు ముదిరేకొద్దీ గుణం తగ్గుతుంది.

ఇంట్లో చూసుకునే పద్ధతి ఒకటి ఉంది. పిల్లవాడు టీవీనో బొమ్మల పుస్తకాన్నో చూస్తున్నప్పుడు ఒక కన్ను అరచేత్తో మూయండి, తర్వాత రెండోది మూయండి. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూసినప్పుడు మాత్రం చెయ్యి తోసేస్తున్నా, ఏడ్చినా అనుమానించాలి. బల్ల మీది పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదవడం, తల ఒక పక్కకు వాల్చి చూడడం, మెట్లు దిగేటప్పుడు తడబడడం కూడా గుర్తులే. ఈ చిట్కా కంటి డాక్టరు పరీక్షకు బదులు కాదు. అనుమానం ఉంటే మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగవచ్చు. మొయినాబాద్, చేవెళ్ళ వైపు వారికి మెహిదీపట్నం బస్సు ఎక్కితే సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి అక్కడే ఉంది. బడిలో చేరే ఏడాదిలోనే తీసుకెళితే మేలు. పిల్లవాడికి రోజూ అద్దాలు ఉంటే అవి పెట్టే తీసుకెళ్ళాలి. పరీక్షకు కంట్లో చుక్కలు వేస్తారు కనుక ఆ పూట వాడికి దగ్గరివి మసకగా కనబడతాయి, ఎండ చురుక్కుమంటుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కాకుండా లోపలి సీట్లో కూర్చోబెట్టాలి.