వెబ్ ప్రోగ్రామింగ్‌లో తేదీలు, టైమ్‌స్టాంపుల రూపమార్పిడి

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- తేదీకి, క్షణానికి ఉన్న తేడాను వివరించగలుగుతారు.
- టైమ్‌స్టాంపును భారత కాలమానంలోకి మార్చగలుగుతారు.
- మార్పిడిలో తరచుగా జరిగే తప్పులను గుర్తించి నివారించగలుగుతారు.

1. పరిచయం

జహీరాబాద్‌లో ఒక విద్యార్థిని ఉందనుకోండి. ఆమె 2005 జూలై 1న పుట్టింది. ఒక ఉపకార వేతనం కోసం వెబ్‌సైటులో దరఖాస్తు చేసింది. '2005 జూలై 1న గాని, ఆ తరవాత గాని పుట్టినవారు అర్హులు' అన్నది నిబంధన. ఆమె ఫారంలో తేదీని సరిగానే నింపింది. అయినా 'అర్హత లేదు' అని జవాబు వచ్చింది. చూస్తే డేటాబేసులో ఆమె పుట్టిన తేదీ 2005 జూన్ 30 అని ఉంది. ఎవరూ తప్పు టైపు చేయలేదు. ప్రోగ్రాము ఆగిపోలేదు, ఎర్ర అక్షరాల హెచ్చరికా రాలేదు. తేదీ ఒక రూపం నుంచి మరో రూపానికి మారేటప్పుడు ఒక రోజు జారిపోయింది. అది ఎలా జరుగుతుందో, ఎలా ఆపాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. ఒకే రోజు, రెండు సంవత్సరాలు

తేదీల మార్పిడి కంప్యూటరుతో పుట్టిన సమస్య కాదు. జహీరాబాద్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. ఆ రాష్ట్రంలో ప్రభుత్వ కాగితాలపై ఫసలీ సంవత్సరం వేసేవారు. పహాణీల్లో ఫసలీ లెక్క తరవాత కూడా కొనసాగింది.

ఇప్పటి రెవెన్యూ లెక్కలో ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. జూలై నుంచి డిసెంబరు వరకు క్రీస్తు శకం నుంచి 590, జనవరి నుంచి జూన్ వరకు 591 తీసివేయాలి. 2024 జూలై 1న 1434 ఫసలీ మొదలైంది.

ఈ సూత్రాన్ని పాత కాగితానికి వాడి చూడండి. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1949 ఆగస్టు 15న వెలువడింది. మన సూత్రం ప్రకారం అది 1359 ఫసలీ కావాలి. కాని ఆ చట్టం పేరులోనే 1358 ఫసలీ అని ఉంది. చట్టంలో పొరపాటు లేదు. ఆనాటి హైదరాబాదు ప్రభుత్వ సంవత్సరం అక్టోబరులో, ఆజుర్ మాసంతో మొదలయ్యేది. కాబట్టి ఆగస్టు నాటికి ఇంకా 1358 నడుస్తూనే ఉంది.

దీని నుంచి ఈ పాఠానికంతటికీ మూలమైన సూత్రం వస్తుంది: అంకె ఒక్కటే చాలదు, అది ఏ లెక్క ప్రకారం వచ్చిందో కూడా దాని వెంట ఉండాలి.

3. తేదీ వేరు, క్షణం వేరు

పుట్టిన రోజు, పండుగ రోజు, దస్తావేజు రాసిన రోజు ఇవి తేదీలు. వీటికి గంటలతోను, దేశంతోను పనిలేదు. మీరు అమెరికా వెళ్ళినా మీ పుట్టిన తేదీ మారదు.

దరఖాస్తు పంపిన సమయం, ఫీజు చెల్లించిన సమయం ఇవి క్షణాలు. ఒకే క్షణాన్ని జహీరాబాద్ గడియారం ఒక విధంగా, లండన్ గడియారం మరో విధంగా చూపుతుంది. అన్ని దేశాలకూ ఉమ్మడిగా ఉండే లెక్కను యూటీసీ అంటారు. మన ప్రామాణిక రేఖాంశం 82.5 డిగ్రీల తూర్పు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 330 నిమిషాలు, అంటే మన గడియారం యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది.

4. టైమ్‌స్టాంపు

1970 జనవరి 1, యూటీసీ 00:00 గంటల నుంచి గడిచిన సెకన్ల సంఖ్యే యూనిక్స్ టైమ్‌స్టాంపు. ఉదాహరణకు 1719772200 అంటే యూటీసీలో 2024 జూన్ 30, 18:30 గంటలు. దానికి 5:30 కలిపితే మనకు జూలై 1, 00:00 గంటలు.

పీహెచ్‌పీ ఈ లెక్కను సెకన్లలో ఉంచుతుంది. జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లలో ఉంచుతుంది. ప్రస్తుత కాలపు టైమ్‌స్టాంపు సెకన్లలో 10 అంకెలు, మిల్లీసెకన్లలో 13 అంకెలు ఉంటుంది. పై సంఖ్యను 1000తో గుణించకుండా జావాస్క్రిప్ట్‌కు ఇస్తే మన తెరపై 1970 జనవరి 21 కనిపిస్తుంది. ఎక్కడైనా అకారణంగా 1970 కనిపిస్తే మొదట అనుమానించవలసింది ఇలాంటి మార్పిడినే.

5. ఒక రోజు ఎలా జారింది?

ఇప్పుడు మన విద్యార్థిని సంగతికి వద్దాం. బ్రౌజరులోని తేదీ పెట్టె తెరపై ఎలా చూపినా, సర్వరుకు సంవత్సరం-నెల-రోజు వరుసలోనే పంపుతుంది: 2005-07-01. ఇక్కడి వరకు అంతా సరిగానే ఉంది.

ప్రోగ్రామరు ఆ మూడు భాగాలను విడదీసి జావాస్క్రిప్ట్ డేట్ వస్తువును తయారుచేశాడు. అందులో తేదీ ఒక్కటే ఉండదు, అది ఒక క్షణం. గంట చెప్పలేదు కనుక భారత కాలమానంలో జూలై 1, 00:00 గంటలుగా తీసుకుంది. తరవాత 'టుఐఎస్ఓస్ట్రింగ్' అనే పద్ధతితో దాన్ని మళ్ళీ అక్షరరూపంలోకి మార్చాడు. ఆ పద్ధతి ఎప్పుడూ యూటీసీలోనే రాస్తుంది. 5:30 గంటలు వెనక్కి వెళితే జూన్ 30, 18:30. అందులో మొదటి పది అక్షరాలు తీసి భద్రపరిస్తే 2005-06-30 మిగిలింది.

ప్రతి అడుగూ దానికది సరైనదే. తేదీని క్షణంగా మార్చడమే అసలు తప్పు. యూటీసీకి వెనుక ఉండే దేశాల్లో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు, మన దేశంలో వెంటనే బయటపడుతుంది.

క్షణాల విషయంలో దీనికి ఎదురు తప్పు జరుగుతుంది. గడువు జూన్ 30తో ముగిసింది. ఒకరు జూలై 1 తెల్లవారుజామున 2 గంటలకు దరఖాస్తు పంపారు. యూటీసీలో అది జూన్ 30, 20:30. సర్వరు యూటీసీ తేదీనే చూస్తే ఆ దరఖాస్తు గడువులోపలే వచ్చినట్లు లెక్క. వెబ్‌సైటు మూసుకుందనుకుని ఆగిపోయినవారికి అన్యాయం జరిగినట్లే.

6. అక్షరరూపాన్ని చదవడం

05/08/2005 మనకు ఆగస్టు 5. అమెరికాలో అది మే 8. పీహెచ్‌పీలోని 'స్ట్ర్‌టుటైమ్' ప్రమేయం గీతను బట్టి నిర్ణయిస్తుంది: వాలు గీత ఉంటే నెల ముందు, అడ్డగీత ఉంటే రోజు ముందు. అందువల్ల 05/08/2005 మే 8 అవుతుంది, 05-08-2005 ఆగస్టు 5 అవుతుంది. 25/08/2005 ఇస్తే 25వ నెల లేదు కనుక విఫలమవుతుంది. ఈ రెండో రకం తప్పే నయం, కనీసం బయటపడుతుంది. 'క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్' పద్ధతిలో వరుసను మీరే చెప్పవచ్చు. అప్పుడు ఊహకు తావుండదు.

7. పాటించవలసిన నియమాలు

(అ) పుట్టిన తేదీని మైఎస్‌క్యూఎల్‌లో 'డేట్' రకంగా, సంవత్సరం-నెల-రోజు వరుసలో ఉంచండి. దానికి గంటలు జోడించవద్దు. ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పేదీ ఈ వరుసే. ఇందులో అక్షర క్రమమే కాలక్రమం అవుతుంది.
(ఆ) క్షణాలను యూటీసీలో భద్రపరచి, చూపేటప్పుడు మాత్రమే 'ఏషియా/కోల్‌కతా' కాలమండలంలోకి మార్చండి.
(ఇ) గడువును భారత కాలమానంలో నిర్ణయించి, యూటీసీలోకి మార్చి పోల్చండి. జూన్ 30 గడువు యూటీసీ 18:30కి ముగుస్తుంది.
(ఈ) పాత రికార్డులను ఎక్కించేటప్పుడు కాగితంపై ఉన్న ఫసలీ సంవత్సరాన్ని ఒక గడిలో, మార్చిన సంవత్సరాన్ని మరో గడిలో ఉంచండి. సూత్రం తప్పని తేలినా అసలు అంకె పోదు.

8. సారాంశం

తేదీని తేదీగా, క్షణాన్ని క్షణంగా ఉంచాలి. ప్రతి అంకె వెంట దాని లెక్క ఉండాలి. మీరు రాసే రెండు పంక్తుల మార్పిడిపై ఎక్కడో ఒకరి అర్హత ఆధారపడి ఉంటుందని మరవకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. యూటీసీలో 2024 మార్చి 10, 20:45 అయితే జహీరాబాద్‌లో ఎంత?
2. 2025 ఫిబ్రవరి ఇప్పటి రెవెన్యూ లెక్కలో ఏ ఫసలీ సంవత్సరం?
3. 2005-07-01ని జావాస్క్రిప్ట్ డేట్‌గా మార్చకుండానే 01-07-2005గా చూపడం ఎలా?

జవాబులు: 1. మార్చి 11, 02:15. 2. 1434. 3. అడ్డగీతల దగ్గర విడదీసి, భాగాలను తిరగేసి కలపాలి.