లెక్కకు లొంగని ఐరిష్

1841లో ఐర్లాండ్ దీవి మొత్తానికి జనాభా 81 లక్షల 75 వేలు. నూట ఎనభై ఏళ్లు దాటినా ఆ దీవి ఇంకా ఆ అంకెను అందుకోలేదు. 2022 జనగణనలో ఐర్లాండ్ రిపబ్లిక్‌లో తేలినవాళ్లు 51 లక్షల 49 వేల మంది. దీవికి ఉత్తరాన బ్రిటన్ కింద ఉన్న ముక్కలో 2021 లెక్క ప్రకారం 19 లక్షల 3 వేలు. రెండూ కూడితే డెబ్బై లక్షలు దాటి ఆగిపోతుంది. పిల్లలు పుట్టక కాదు, ఇంటినిండా పిల్లలే. పుట్టినవాళ్లు ఉండలేదు, అంతే.

మొదటి దెబ్బ బంగాళదుంపకు తగిలింది. పేదరైతుకు పూటపూటా అదే తిండి. 1845లో దానికి తెగులు సోకింది, మరుసటేడు పంటంతా నేలలోనే కుళ్లిపోయింది. జనం ఆకలితో చస్తుంటే ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉంది. కొద్ది ఏళ్లలో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి వలసపోయారు. కరువు సాయం డబ్బును గట్టిగా బిగించి పట్టుకున్న లండన్ ట్రెజరీ అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ ఆ తర్వాత 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆయన ఏలుబడిలోవే.

కరువు పోయినా వలస ఆగలేదు. అన్న వెళ్లి టికెట్ డబ్బులు పంపితే తమ్ముడు బయల్దేరడం నూరేళ్ల అలవాటైంది. 1961 నాటికి రిపబ్లిక్‌లో మిగిలింది 28 లక్షల 18 వేల మంది. మరోపక్క మా తాతముత్తాతలు ఐరిష్‌వాళ్లే అని చెప్పుకునే అమెరికన్లే మూడు కోట్లకు పైన.

నోట్లో ఒకటి, కాగితం మీద ఒకటి

కరువు ఎక్కువగా ఊడ్చుకుపోయింది పడమటి తీరాన్ని. ఐరిష్ భాష బతికి ఉన్నదీ అక్కడే. న్యూయార్క్ వెళ్లేవాడికి కావలసింది ఇంగ్లీషు. 1831 నుంచి పెట్టిన సర్కారు బళ్లలో నేర్పిందీ ఇంగ్లీషే. పిల్లవాడి మెడలో ఒక పుల్ల వేలాడదీసేవారు. ఐరిష్‌లో మాట్లాడిన ప్రతిసారీ దానిమీద ఒక గాటు పడేది. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు. ఈ పనిలో పంతులుకు తల్లిదండ్రులూ తోడ్పడ్డారు. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే కాన్వెంటును ఏరికోరి పిల్లల్ని చేర్చిన మనకు వాళ్లని తప్పుపట్టే మొహం లేదు.

స్వతంత్రం వచ్చాక కథ తిరగబడింది. 1937 రాజ్యాంగం ఐరిష్‌ను మొదటి అధికార భాష చేసింది. ఇంగ్లీషుది రెండో స్థానం. బళ్లో ఐరిష్ తప్పనిసరి. 2007 నుంచి అది యూరోపియన్ యూనియన్ అధికార భాష కూడా. 2022లో 'ఐరిష్ వచ్చా' అని అడిగితే 18 లక్షల 74 వేల మంది, అంటే నూటికి నలభై మంది, వచ్చనే అన్నారు. బడి బయట రోజూ మాట్లాడతారా అంటే ఆ సంఖ్య 72 వేలకు పడిపోయింది. ఆ భాషకు పుట్టిల్లుగా ప్రభుత్వం గుర్తించిన గేల్‌టాక్ట్ ప్రాంతాల్లో రోజూ మాట్లాడేవాళ్లు ఇరవై వేలు మాత్రమే. ఆ నలభై శాతం మంది అబద్ధం ఆడారని నేననను. వాళ్లు చెప్పింది పరిచయం గురించి కాదు, మమకారం గురించి. జనగణన ఫారంలో దానికి వేరే గడి ఉండదు కదా!

పైగా ఐరిష్ అంటే క్యాథలిక్కుల సొత్తు అనుకునేవాళ్లకు చరిత్ర అడ్డొస్తుంది. 1893లో భాషను నిలబెట్టడానికి గేలిక్ లీగ్ పెట్టి, 1938లో దేశానికి తొలి అధ్యక్షుడైన డగ్లస్ హైడ్ ప్రొటెస్టెంట్ మతగురువు కొడుకు. ఇప్పుడు బెల్‌ఫాస్ట్ తూర్పున, బ్రిటిష్ జెండాలు ఎగిరే వీధుల మధ్య, లిండా ఎర్విన్ అనే ప్రొటెస్టెంట్ మహిళ ఐరిష్ తరగతులు నడుపుతున్నారు. 1911 జనగణన పాత ఫారాలు తిరగేస్తే ఆమె కుటుంబంలోనే ఐరిష్ వచ్చినవాళ్లు బయటపడ్డారు.

గుడి ఖాళీ, గడి నిండు

మతం సంగతి ఇంకా చిత్రం. 1961లో రిపబ్లిక్‌లో నూటికి 95 మంది క్యాథలిక్కులు. రాజ్యాంగం చర్చికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. దాన్ని 1972లో తీసేశారు గానీ పట్టు సడలలేదు. 1979లో పోప్ రెండో జాన్ పాల్ వస్తే డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో పది లక్షల మందికి పైగా చేరారు. అంటే దేశంలో ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరు! విడాకులకు వీలు కల్పించే రెఫరెండం 1995లో గట్టెక్కింది కేవలం 9,114 ఓట్ల తేడాతో.

కోట లోపలి నుంచి బీటలు వారింది. పిల్లల మీద మతగురువుల అఘాయిత్యాలు, వాటిని కప్పిపెట్టిన బిషప్పులు, పెళ్లికాని తల్లుల్ని దాచిన ఆశ్రమాలు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. ట్యూమ్ అనే చిన్న ఊళ్లో కేథరిన్ కోర్లెస్ అనే స్థానిక చరిత్రకారిణి అలాంటి ఒక ఆశ్రమంలో చనిపోయిన 796 మంది పిల్లల మరణ ధ్రువపత్రాలు ఓపికగా సేకరించారు. వాళ్లను ఎక్కడ పూడ్చారన్న రికార్డు మాత్రం లేదు. 2014లో ఈ సంగతి ప్రపంచమంతా మారుమోగింది.

అంతకు రెండేళ్ల ముందే గాల్వేలో మన అమ్మాయి ఒకరు చనిపోయారు. బెళగావి నుంచి వెళ్లిన దంత వైద్యురాలు సవితా హలప్పనవర్, వయసు 31. గర్భం నిలవదని తెలిసినా, పిండం గుండె కొట్టుకుంటోందని వైద్యులు గర్భస్రావానికి ఒప్పుకోలేదు. రక్తంలో ఇన్ఫెక్షన్ పాకి ప్రాణం పోయింది. 2018 రెఫరెండంలో 66.4 శాతం మంది గర్భస్రావం మీద నిషేధాన్ని ఎత్తేయమని ఓటేసినప్పుడు డబ్లిన్ గోడ మీద గీసిన ఆమె బొమ్మ చుట్టూ జనం క్షమాపణ చీటీలు అంటించారు.

2016లో 79 శాతంగా ఉన్న క్యాథలిక్కులు 2022లో 69 శాతం. ఇందులో ఒక మెలిక ఉంది. అంతకుముందు 'మీ మతమేది?' అని అడిగేవారు. ఈసారి 'ఏదైనా ఉంటే' అని చేర్చి, 'మతం లేదు' అన్న గడిని అన్నిటికన్నా పైన పెట్టారు. ఆ గడిలో టిక్కు పెట్టినవాళ్లు ఏడు లక్షలు దాటారు. అయినా ప్రాథమిక పాఠశాలల్లో పదింట తొమ్మిది వరకు ఇంకా చర్చి చేతిలోనే ఉన్నాయి.

ఉత్తరాన లెక్క వేరు. అక్కడ మతమంటే దేవుడి కన్నా ఏ పక్షం అన్నదే ముఖ్యం. 1921లో దీవిని విడదీసి ఆ గీత గీసిందే ప్రొటెస్టెంట్ల మెజారిటీ నిలిచేలా. సరిగ్గా నూరేళ్లకు క్యాథలిక్ నేపథ్యం ఉన్నవాళ్లు 45.7 శాతం, ప్రొటెస్టెంట్ నేపథ్యం వాళ్లు 43.5 శాతం అయ్యారు.

గిరి చదివిన ఊళ్లో

మన వి.వి.గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లింది డబ్లిన్‌కే. అక్కడి స్వాతంత్ర్య పోరాటం ఒంటబట్టి, 1916 తిరుగుబాటు ఏట వెనక్కి వచ్చారు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలు ఐర్లాండ్ నుంచి తెచ్చుకున్నామని గ్రూప్స్ రాసే ప్రతి అభ్యర్థికీ కంఠతా వచ్చు. ఇప్పుడు రాకపోకలు అటువైపు. 2022లో రిపబ్లిక్‌లో భారత పౌరులు 45 వేల పైచిలుకు. విదేశీయుల్లో పోలండ్, బ్రిటన్ వాళ్ల తర్వాత మనవాళ్లే. హిందువులు ఆరేళ్లలో రెట్టింపు దాటి 33 వేలయ్యారు. 2025 వేసవిలో భారతీయుల మీద వరుసగా దాడులు జరిగితే, జాగ్రత్తగా ఉండండని మన రాయబార కార్యాలయం ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

ఐర్లాండ్ మొహం చూడకపోయినా, తాత అక్కడ పుట్టాడన్న కాగితం ఉంటే బోస్టన్ కుర్రాడికి ఐరిష్ పాస్‌పోర్టు వస్తుంది. డబ్లిన్‌లోనే పుట్టిన తెలుగు పిల్లకు రాకపోవచ్చు. పుట్టుకతోనే పౌరసత్వం అన్న హక్కును 2004లో 79 శాతం ఓట్లతో రద్దు చేశారు. తల్లిదండ్రుల్లో ఒకరు అంతకుముందు నాలుగేళ్లలో మూడేళ్లు చట్టబద్ధంగా అక్కడ ఉండాలి. ఎమ్మెస్ చదివిన కాలం అందులోకి రాదు. ఆ పిల్ల మాత్రం బళ్లో రోజూ ఐరిష్ నేర్చుకుంటుంది. 2027 జనగణన ఫారం ఇంటికొచ్చినప్పుడు 'ఐరిష్ వచ్చా' అన్న గడిలో అమ్మానాన్న అవునని టిక్కు పెడతారు, మతం గడిలో హిందూ అని. పౌరసత్వం గడి దగ్గర మాత్రం పాత వీసా కాగితాలు తీసి నెలలు లెక్కపెట్టుకోవాలి.